సరిహద్దు ఊరి చరిత్రను ఊరివాళ్లే కాపాడుకోవడం ఎలా? పర్లాకిమిడి నుంచి ఒక సమగ్ర మార్గదర్శి

పర్లాకిమిడిలో మీ ముత్తాత పేరు మీదున్న భూమి కాగితం కోసం వెతకడం మొదలుపెట్టారనుకోండి. ఊరు ఇప్పుడు ఒడిశాలోని గజపతి జిల్లాకు కేంద్రం. ఆ జిల్లా పుట్టిందే 1992 అక్టోబరు 2న. అంతకు ముందు ఇది గంజాం జిల్లా. ఆ గంజాం 1936 మార్చి ఆఖరు దాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడ్డప్పుడు పర్లాకిమిడి జమీందారీని రెండుగా చీల్చారు. పట్నం ఒరిస్సాకు వెళ్లింది. పక్కనే ఉన్న పాతపట్నం మద్రాసులో మిగిలి విశాఖపట్నం జిల్లాలో కలిసింది, 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లా ఏర్పడితే అందులోకి వచ్చింది. అంటే ఒకే కుటుంబం కాగితాలు పర్లాకిమిడిలో, గంజాం జిల్లా కేంద్రం ఛత్రపురంలో, శ్రీకాకుళంలో, భువనేశ్వర్‌లో, చెన్నైలో ఎక్కడైనా ఉండొచ్చు. కొన్ని తెలుగులో, కొన్ని ఒడియాలో, పైస్థాయివి ఇంగ్లీషులో.

ఇలాంటి ఊరికి చరిత్ర రాసిపెట్టే పని ఏ ఒక్క ప్రభుత్వమూ పూర్తిగా చెయ్యదు. ఎవరి అరలో ఉన్నది వాళ్లు దాచుకుంటారు, అంతే. ముక్కలన్నీ ఒకచోట చేర్చగలిగేది ఊరివాళ్లే. అందుకు ఒక చిన్న సంఘం చాలు. అది ఎలా పెట్టాలో, ఏ పని ముందు చెయ్యాలో, ఏది అస్సలు ముట్టుకోకూడదో కింద రాశాను. ఉదాహరణలు పర్లాకిమిడివే అయినా బరంపురం, గుణుపురం, రాయగడ, జయపురం వాళ్లకూ చాలావరకు ఇవే పనికొస్తాయి.

ఒక్క మాట ముందే చెప్పాలి. "అసలు ఈ ఊరు ఎవరిది, తెలుగువాళ్లదా ఒడియావాళ్లదా" అన్న తగాదాకు సంఘంలో చోటివ్వకండి. ఆ తగాదా ఎప్పుడు ఎలా నడిచిందో, ఎవరు ఏం వాదించారో సేకరించండి, అదీ చరిత్రే. కానీ తీర్పు చెప్పే కుర్చీలో కూర్చుంటే మొదటి నెలలోనే సగం మంది ఇళ్ల తలుపులు మీకు మూసుకుపోతాయి. ఆ సగం ఇళ్లలోనే మీక్కావలసిన కాగితాలు ఉంటాయి.

1. ముందు మనుషులు, తర్వాత రిజిస్ట్రేషన్

సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం 1860 ప్రకారం సంఘం రిజిస్టర్ కావడానికి కనీసం 7 మంది కావాలి. ఆ ఏడుగురినీ హోదా చూసి కాక, చేతిలో ఉన్న పని చూసి ఎంచుకోండి. రెవెన్యూ ఆఫీసులో పనిచేసి రిటైరైన గుమస్తా ఒకరు దొరికితే ఏ రికార్డు ఏ పేరుతో ఏ బీరువాలో ఉంటుందో ఆయనకు తెలుసు. గొలుసుకట్టు తెలుగు రాత చదవగలిగిన పెద్దాయన ఒకరు, పాత ఒడియా దస్తావేజుల్లో వాడిన కరణీ రాత చదవగలిగినవారు ఒకరు తప్పనిసరి. ఈ రెండో మనిషి దొరకడం కష్టం. కరణాల కుటుంబాల్లో అడగండి. పాతపట్నం వైపు నుంచి ఒకరైనా ఉండాలి, లేకపోతే సగం చరిత్ర బయటే ఉండిపోతుంది. సవర భాష వచ్చినవారు ఒకరుంటే మరీ మంచిది. కొండ మీది ఊళ్లను వదిలేసి పర్లాకిమిడి చరిత్ర రాస్తే అది కోట చరిత్రే అవుతుంది. మిగిలిన ఇద్దరూ ఫోటోలు తీసే, కంప్యూటర్ ముందు ఓపికగా కూర్చునే పిల్లలైతే చాలు.

రిజిస్ట్రేషన్‌కు తొందరపడొద్దు. ఆరు నెలలు పని చేసి చూడండి. ప్రతి నెలా ఒకే వారం, ఒకే టైముకు కలవండి. ఆ ఆరు నెలల్లో ఎవరు నిజంగా వస్తారో, ఎవరు గ్రూపు ఫోటోకు మాత్రమే వస్తారో తేలిపోతుంది. ఆ తర్వాత నియమావళి రాసుకుని, కలెక్టరేట్‌లో సొసైటీల సెక్షన్ ఎక్కడుందో కనుక్కుని దరఖాస్తు పెట్టండి. రిజిస్టర్ అయ్యాక చాలామంది మర్చిపోయే పని ఒకటుంది. ఏటా కార్యవర్గం జాబితాను రిజిస్ట్రార్‌కు పంపాలి, చట్టంలోని 4వ సెక్షన్ అదే చెబుతుంది. రెండు మూడేళ్లు పంపకపోతే బ్యాంకు దగ్గర్నుంచి గ్రాంటు దాకా ప్రతిచోటా టెన్షన్ మొదలవుతుంది. సంఘం పేరు మీద పాన్ కార్డు, బ్యాంకు ఖాతా వెంటనే తీసుకోండి. విరాళమిచ్చేవాళ్లకు పన్ను మినహాయింపు కావాలంటే ఆదాయపు పన్ను చట్టం కింద వేరే రిజిస్ట్రేషన్ ఉంటుంది. దానికి ఒక ఆడిటర్‌ను పట్టుకోండి, మీరే ఫారాలు నింపబోయి తల పట్టుకోకండి.

2. ఒక్క విషయం పట్టుకోండి

"ఊరి సమగ్ర చరిత్ర" అని మొదలుపెట్టిన సంఘాలు సాధారణంగా ముందుమాట దగ్గరే ఆగిపోతాయి. ఒక్క విషయం తీసుకోండి, ఊళ్లో అన్ని కులాలకూ, రెండు భాషలవాళ్లకూ అందులో ఏదో ఒక జ్ఞాపకం ఉండేలా చూసుకోండి.

పర్లాకిమిడికి అలాంటి విషయం చిన్న రైలు. నౌపడ నుంచి పర్లాకిమిడికి రెండున్నర అడుగుల గేజ్ లైను 1900లో మొదలైంది, 1931 నాటికి గుణుపురం దాకా వెళ్లింది. 2004లో ఆ నేరోగేజ్ ఆగిపోయింది, 2011లో బ్రాడ్‌గేజ్ మీద మళ్లీ రైళ్లు తిరిగాయి. రాజావారు వేయించిన రైలు అని కోటవాళ్లు చెబుతారు. కూరగాయల బుట్టలతో ఎక్కిన ఆడవాళ్ల దగ్గర వేరే కథ ఉంటుంది. రైల్వేలో పనిచేసిన కుటుంబాల దగ్గర డ్యూటీ కాగితాలు, లాంతర్లు, విజిళ్లు ఉంటాయి. లైను ఒక కొస ఆంధ్రలో, రెండో కొస ఒడిశాలో ఉంది కాబట్టి రెండు వైపులవాళ్లూ ఆ రైలు తమదే అంటారు. ఎవరూ కొట్టుకోని విషయం ఇంతకంటే దొరకదు.

బరంపురంవాళ్లయితే పట్టు నేత తీసుకోవచ్చు. అక్కడి పట్టుచీరకు 2012లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. నేత కుటుంబాల మూలాలు, ఊరి అమ్మవారి ఠాకురాణి యాత్రలో దేశిబెహెరా (నేతవాళ్ల కులపెద్ద) స్థానం అన్నీ దాంట్లోకే వస్తాయి. పర్లాకిమిడిలోనే ఇంకో మంచి విషయం కొమ్ము పని. పశువుల కొమ్ముతో బొమ్మలు చేసే కుటుంబాలు ఇంకా ఉన్నాయి, పని చేసే చేతులు మాత్రం ఏటేటా తగ్గుతున్నాయి.

3. ముసలివాళ్ల దగ్గరకు ముందు వెళ్లండి

ఈ మొత్తం మార్గదర్శిలో ఒక్క మెట్టే చెయ్యగలం అనుకుంటే ఇదే చెయ్యండి. కోట గోడ మరో పదేళ్లు నిలబడుతుంది, తాటాకు పెట్టెలో ఉంటే మరో పాతికేళ్లు ఉంటుంది. ఎనభై తొమ్మిదేళ్ల మామ్మ వచ్చే వానాకాలానికి ఉంటుందో లేదో ఎవరు చెప్పగలరు?

వెళ్లేముందు ఆ ఇంట్లో మాటకు విలువున్న మనిషి ద్వారా చెప్పించండి. మొదటిసారి ఫోను బయటకు తియ్యకండి. కూర్చుని కాఫీ తాగి, ఎవరి తాలూకో చెప్పి రండి. ఈ ప్రాంతంలో "ఎవరి తాలూకు?" అన్న ప్రశ్నకు జవాబు చెప్పకుండా ఏ సంభాషణా మొదలవదు. రెండోసారి వెళ్లినప్పుడు రికార్డింగుకు అనుమతి అడగండి. ఆ అనుమతి కూడా రికార్డులో పడాలి: ఆమె పేరు, తేదీ, ఎక్కడ వాడుకోవచ్చు, ఏ భాగం ఎవరికీ వినిపించకూడదు. సంతకం పెట్టమని కాగితం ముందుకు తోస్తే ఆస్తి రాయించుకుంటున్నారేమో అని భయపడతారు. నోటి మాటగా రికార్డు చేసుకుని, తర్వాత కొడుకో కోడలో ఉన్నప్పుడు కాగితం మీద తీసుకోండి.

ప్రశ్న అడిగే తీరులోనే అంతా ఉంది. "1936లో ఏం జరిగింది?" అని అడిగితే "నాకేం తెలుసు బాబూ, నేను చదువుకోలేదు" అంటారు. అదే, "మామ్మగారూ, మీరు కాపురానికి వచ్చినప్పుడు నౌపడ నుంచి రైల్లో వచ్చారా, ఎడ్లబండిలోనా?" అని అడిగి చూడండి. రైలు, పెట్టె, పెట్టెలో కూర్చున్న మావగారు, దిగగానే స్టేషన్లో వినబడ్డ ఒడియా మాటలు, అవి అర్థంకాక ఏడ్చిన సంగతి ఒకదాని వెనక ఒకటి వచ్చేస్తాయి. తేదీలు అడక్కండి. "మీ పెద్దబ్బాయి పుట్టకముందా, పుట్టాకా?" అని అడగండి. తుపాను, పెళ్లి, ఇల్లు కట్టడం, పెద్ద పండుగ, వీటి చుట్టూ ఆడవాళ్ల జ్ఞాపకం గట్టిగా ఉంటుంది. మగవాళ్లకు ఉద్యోగం బదిలీలు గుర్తుంటాయి.

ఆమె ఆగినప్పుడు మీరు మాట్లాడకండి. పది సెకన్ల మౌనం తర్వాత వచ్చే మాటే చాలాసార్లు అసలు మాట. పక్కన కూర్చున్న కొడుకు "అలా కాదమ్మా" అని సరిదిద్దుతుంటే ఆయన్ని టీ తెమ్మనో, పాత ఫోటోలు వెతకమనో పంపెయ్యండి.

సాంకేతికంగా పెద్ద కష్టం లేదు. ఫోను చాలు, కాని వీలైతే చిన్న మైకు చొక్కాకు తగిలించండి. ఫ్యాను ఆపండి. రికార్డింగును వేవ్ ఫార్మాట్‌లో దాచండి, పంచుకోవడానికి మాత్రం ఎంపీ3 చేసుకోండి. ఆ రోజు రాత్రే అరపేజీ సారాంశం రాసెయ్యండి: ఎవరు, ఎక్కడ, ఏ నిమిషంలో ఏ విషయం. మొత్తం అక్షరం అక్షరం రాయడం తర్వాత సంగతి. సారాంశం లేని రికార్డింగులు వంద పోగైతే వాటిని వినేవాడు ఉండడు.

ఆమె మాట్లాడిన తెలుగును పుస్తకాల తెలుగుగా మార్చకండి. ఒడియా మాట కలిస్తే కలిసినట్టే రాయండి. గిడుగు రామమూర్తిగారు పనిచేసిన ఊళ్లో ఉండి మామ్మ మాటను గ్రాంథికం చెయ్యడం కంటే పెద్ద తప్పు ఉండదు.

4. ఫోటోలు, కాగితాలు: ఇంటి నుంచి బయటకు తేవద్దు

"ఇవ్వండి, స్కాన్ చేసి రేపు తెచ్చిస్తాం" అనే మాట ఎప్పుడూ అనొద్దు. ఒక్క ఫోటో పోయినా సంఘం పేరు ఊరంతా పోతుంది. ల్యాప్‌టాప్, ఫ్లాట్‌బెడ్ స్కానర్ పట్టుకుని వాళ్ల ఇంటికే వెళ్లండి, వాళ్ల కళ్లముందే చెయ్యండి. కాగితాలకు 300 డీపీఐ (అంగుళానికి చుక్కలు), ఫోటోలకు 600, స్టాంపు సైజు చిన్న ఫోటోలకు 1200. అసలు ప్రతిని టిఫ్‌గా దాచి, వాట్సాప్‌లో పంపడానికి జేపెగ్ తీసుకోండి. ఆల్బమ్‌కు అతుక్కుపోయిన ఫోటోను ఊడదీసే ప్రయత్నం చెయ్యకండి, ఆల్బమ్ పేజీతో సహా ఫోటో తీసెయ్యండి.

ఫోటో వెనక వైపు తప్పకుండా స్కాన్ చెయ్యండి. మాకు చూపించిన ఒక పెళ్లి ఫోటో సంగతి చెబుతాను. ముందు వైపు పీటల మీద దంపతులు, వెనక వరసలో పదకొండు మంది, ఎవరి పేర్లూ ఇంట్లో ఎవరికీ తెలియవు. వెనక్కి తిప్పితే ఊదారంగు రబ్బరు స్టాంపు, ఒడియాలో స్టూడియో పేరు. దాని కింద పెన్సిల్‌తో తెలుగులో "మన్మథ వైశాఖం, ఆరో నంబరు పెద్ద బావ". అంటే ఎవరో ఒకప్పుడు వరసలో ఉన్నవాళ్లకు నంబర్లు వేసి పేర్లు రాసిన కాగితం ఉండేదన్నమాట. ఆ కాగితం అదే ఇంట్లో పంచాంగాల మధ్య దొరికింది. ముందు వైపు మాత్రమే స్కాన్ చేసి ఉంటే ఆ పదకొండు మందీ అనామకులే.

ప్రతి ఫైలుకూ పేరు పెట్టే పద్ధతి మొదటి రోజే తేల్చుకోండి: సంవత్సరం, నెల, రోజు, పేట పేరు, వరస నంబరు. ఫైలు పేర్లు మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టండి, తెలుగులో పెడితే కొన్ని కంప్యూటర్లలో పెట్టెలు పెట్టెలుగా కనిపిస్తాయి. దానికి తోడు ఒక ఎక్సెల్ పట్టిక: నంబరు, ఏమిటది, ఎవరిది, ఎవరు చెప్పారు, వాడుకోవడానికి ఏ షరతు. ఈ పట్టిక లేకపోతే మీ దగ్గరున్నది సేకరణ కాదు, మూట.

పాత కాగితాలకు సెల్లోటేపు వెయ్యకండి, లామినేషన్ అస్సలు వద్దు. "భద్రంగా ఉంటుందని లామినేట్ చేయించాం" అని ఎంత ప్రేమగా చూపిస్తారో! వేడికి కాగితం దెబ్బతింటుంది, ఇక దాన్ని వేరు చెయ్యడం ఎవరివల్లా కాదు.

5. తేదీల లెక్క: ఫసలీ, అరవై పేర్లు, అంకం

సరిహద్దు ఊళ్లో కొత్తవాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే, అందుకే కాస్త వివరంగా.

మద్రాసు కాలం రెవెన్యూ కాగితాల మీద ఫసలీ సంవత్సరం ఉంటుంది. దానికి 590 కలిపితే ఆ ఫసలీ మొదలైన ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. ఫసలీ జూలై 1న మొదలై మరుసటి ఏడాది జూన్ 30తో ముగుస్తుంది. ఫసలీ 1345 అంటే 1935 జూలై నుంచి 1936 జూన్ దాకా. పర్లాకిమిడికి ఇది చాలా ముఖ్యమైన ఫసలీ, ఎందుకంటే దాని మధ్యలోనే రాష్ట్రం మారింది. 1345 అని ఉన్న కాగితం మద్రాసు ప్రభుత్వానిదా, ఒరిస్సా ప్రభుత్వానిదా అన్నది నెల చూసిగాని చెప్పలేం.

ఇళ్లలోని ఉత్తరాలు, జాతకాలు, శుభలేఖల మీద అరవై సంవత్సరాల పేర్లే ఉంటాయి. పేరు తెలిస్తే చాలదు, ఏ ఆవృత్తో తేల్చాలి. పైన చెప్పిన ఫోటోలో మన్మథ అంటే 1955-56 కావచ్చు, 1895-96 కావచ్చు. పెళ్లికొడుకు చేతికి రిస్టు వాచీ, పందిట్లో వేలాడుతున్న కరెంటు బల్బు చూశాక అనుమానం లేదు, 1955. రాష్ట్రం మారిన 1936 ఏప్రిల్ నాటికి ఉగాది అయిపోయింది, కాబట్టి అది ధాత. "ధాత చైత్రం" అని రాసిన కాగితం 1936దా, 1876దా అన్నది కాగితం రకం, సిరా, స్టాంపు కాగితం మీది బొమ్మ చెప్పేస్తాయి. స్టాంపు మీద ఏ రాజు లేదా రాణి ఉన్నారో చూడటం అన్నిటికంటే తేలిక.

మూడోది అంకం. ఒడియా పంచాంగాల్లో, గజపతుల పేరిట ఉన్న శాసనాల్లో, పాత పత్రాల్లో రాజుగారి ఎన్నో అంకమో రాస్తారు. దాన్ని మామూలు రాజ్య సంవత్సరంగా లెక్కిస్తే తప్పుతారు. 1ని లెక్కలోకి తీసుకోరు. 6తో ముగిసే అంకెలు వదిలేస్తారు. సున్నాతో ముగిసేవీ వదిలేస్తారు, 10 మాత్రం ఉంచుతారు. కాబట్టి వరస 2, 3, 4, 5, 7, 8, 9, 10, 11 అని నడుస్తుంది. 10వ అంకం అంటే నిజానికి ఎనిమిదో ఏడు. తెలుగువాళ్లు రాసిన స్థానిక చరిత్రల్లో రాజుల కాలాలు రెండు మూడేళ్లు అటూ ఇటూ అయితే ముందు ఈ లెక్క చూడండి.

పట్టికలో ఎప్పుడూ రెండు గళ్లు పెట్టుకోండి. ఒకదాంట్లో కాగితం మీద ఉన్నది ఉన్నట్టు, రెండోదాంట్లో మీరు లెక్కకట్టిన ఇంగ్లీషు తేదీ. మొదటిది ఎప్పుడూ చెరపకండి.

6. ఏ ఆఫీసులో ఏం దొరుకుతుంది

1936కు ముందు ప్రభుత్వ స్థాయి ఉత్తర ప్రత్యుత్తరాలు చెన్నై ఎగ్మోర్‌లోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో వెతకాలి. అదే పాత మద్రాసు రికార్డ్ ఆఫీసు. పందొమ్మిదో శతాబ్దంలో పర్లాకిమిడి ఎస్టేటు చాలాకాలం కోర్ట్ ఆఫ్ వార్డ్స్ (వారసుడు మైనరైతే ఎస్టేటును నడిపే ప్రభుత్వ విభాగం) చేతిలో ఉంది కాబట్టి రెవెన్యూ బోర్డు, కోర్ట్ ఆఫ్ వార్డ్స్ సంపుటాలు ముందు అడగండి. వెళ్లేముందు 1882లో మద్రాసులో అచ్చయిన గంజాం జిల్లా మాన్యువల్ ఒకసారి చదివి వెళితే ఏ సంవత్సరాల్లో గొడవలు, ఏ సంవత్సరాల్లో కరువు వచ్చాయో తెలుస్తుంది, వెతుకులాట సగమవుతుంది. ఆ పుస్తకం ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. రాసింది తెల్లదొర అని మర్చిపోకుండా చదవండి, అంతే.

1936 తర్వాతవి భువనేశ్వర్‌లోని ఒడిశా స్టేట్ ఆర్కైవ్స్‌లో. 1951 నాటి ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాత జమీందారీ భూముల కాగితాలు ప్రభుత్వానికి చేరాయి, వాటి కోసం జిల్లా రికార్డు గది అడగాలి. గజపతి జిల్లా కొత్తది కాబట్టి 1992కు ముందువి ఛత్రపురంలో ఉండే అవకాశం ఎక్కువ. పాతపట్నం, టెక్కలి వైపు గ్రామాలవైతే శ్రీకాకుళం.

ఆర్కైవ్స్‌కు వెళ్లేటప్పుడు సంఘం లెటర్‌హెడ్ మీద ఉత్తరం, ఆధార్, పెన్సిల్ పట్టుకెళ్లండి. పెన్ను లోపలికి రానివ్వకపోవచ్చు. అక్కడి సిబ్బందిని పేరుతో, మర్యాదగా పలకరించండి. జాబితాలో లేని ఫైలు ఎక్కడుందో కంప్యూటర్‌కు తెలియదు, ముప్ఫై ఏళ్లుగా ఆ అరల మధ్య తిరుగుతున్న మనిషికి తెలుస్తుంది. మామూలుగా అడిగితే జవాబు రాని విషయాలకు సమాచార హక్కు దరఖాస్తు ఉండనే ఉంది, కాని అది చివరి అస్త్రం. మొదటి రోజే వేస్తే తర్వాత ఆ ఆఫీసులో మీకు మంచినీళ్లు కూడా పుట్టవు.

7. తాటాకులు, శాసనాలు, విగ్రహాలు: చూడండి, ముట్టుకోకండి

తాళపత్రాలు కనిపిస్తే ఆత్రంగా విప్పకండి. ఎండిన ఆకు చేతిలోనే విరిగిపోతుంది. నిమ్మగడ్డి నూనెతో తుడవడం, అక్షరాలు కనబడేలా మసి రాయడం లాంటివి తెలిసినవాళ్ల పక్కన కూర్చుని నేర్చుకుని చెయ్యాల్సిన పనులు. ఎన్ని కట్టలున్నాయో, ఏ లిపో, ఎవరింట్లోనో రాసుకోండి. పొడిగా ఉండే చోట, పాతకాలంవాళ్లు చుట్టినట్టే శుభ్రమైన నూలు గుడ్డలో చుట్టి ఉంచమని చెప్పండి. 2003లో మొదలైన జాతీయ రాతప్రతుల మిషన్ (2025లో దాన్ని జ్ఞాన భారతం మిషన్‌గా మార్చారు) ఇలాంటి వాటి కోసమే, నిపుణుల కోసం ఒడిశా స్టేట్ మ్యూజియంనూ అడగొచ్చు. ఆకుల మీద ఏముందో తెలియకుండా ఎవరూ పారెయ్యకుండా చూడటమే మీ పని.

రాతి శాసనం దొరికితే సుద్ద రాయకండి, నూనె పుయ్యకండి, రంగు అసలే వద్దు. సాయంత్రం చీకటి పడ్డాక టార్చి లైటు పక్కనుంచి ఏటవాలుగా వేసి ఫోటో తియ్యండి. అరిగిపోయిన అక్షరాల అంచులు కూడా నీడతో పైకి లేస్తాయి. ఒకే రాయికి నాలుగు వైపుల నుంచి వెలుగు వేసి తియ్యాలి. చదవడం కోసం మైసూరులోని పురావస్తు శాఖ శాసన విభాగానికి పంపొచ్చు.

చట్టం సంగతి కొంచెం. నూరేళ్లు దాటిన కళావస్తువులు, 75 ఏళ్లు దాటిన రాతప్రతులు 1972 నాటి పురావస్తువుల చట్టం కిందకు వస్తాయి. విగ్రహాల లాంటి వాటికి రిజిస్ట్రేషన్ కావాలి, దేశం దాటించడం నేరం. కాబట్టి "మా సంఘం మ్యూజియంకు ఇచ్చెయ్యండి" అని విగ్రహాలు పోగు చెయ్యకండి. దొంగసొత్తు మీ గదిలో తేలితే మంచితనం అడ్డం రాదు. భూమిలో ఏదైనా దొరికితే కలెక్టరుకు తెలపాలి. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ఇంకా అమల్లోనే ఉంది.

8. కట్టడాలు

కోట, మహేంద్రతనయ ఒడ్డున ఉన్న బృందావన్ ప్యాలెస్, స్టేషను లాంటివి అందరికీ తెలుసు. జాబితాలో రాజమందిరాల కంటే అరుగుల ఇళ్లు, బావులు, పాత బడి, నాటకాలాడిన స్థలం ఎక్కువ ఉండాలి, ఎందుకంటే రేపు జేసీబీ వచ్చేది వాటి మీదికే. ఒక్కోదానికి నాలుగు ఫోటోలు, సొంతదారు పేరు, ఎప్పుడు కట్టారో వాళ్ల మాటల్లో. ఇంటివాళ్ల అనుమతి లేకుండా లోపల ఫోటోలు బయట పెట్టకండి. "హెరిటేజ్ కట్టడంగా ప్రకటించాలి" అని పత్రికా ప్రకటనలు ఇస్తే ఇంటి సొంతదారులు హడలిపోతారు. కేంద్ర రక్షిత కట్టడం చుట్టూ 100 మీటర్లలో కొత్త నిర్మాణం నిషేధం, ఆపైన 200 మీటర్లలో అనుమతి కావాలి అని ముఖలింగం లాంటి చోట్ల చూసి అందరికీ తెలుసు. మా ఇంటికీ అదే గతి అని భయం. ఆ భయం న్యాయమైనదే.

9. రాసేటప్పుడు మూడు గుర్తులు

సంఘం రాసే ప్రతి వాక్యం వెనక మూడింటిలో ఒక గుర్తు ఉండాలి: కాగితం ఉంది, మనిషి చెప్పారు, ఊళ్లో అనుకుంటారు. మూడూ విలువైనవే, కలిపేస్తేనే ప్రమాదం.

దీనికి పరీక్ష ఏప్రిల్ 1. ఒడిశా అంతా ఆ రోజు ఉత్కళ దివస్ జరుపుకుంటుంది. ఒరిస్సా ఏర్పాటుకు పోరాడినవాళ్లలో పర్లాకిమిడి మహారాజా కృష్ణచంద్ర గజపతి ముందువరసలో ఉన్నారు, 1937లో ఆ రాష్ట్రానికి మొదటి ప్రధాని (ముఖ్యమంత్రిని అప్పట్లో అలాగే పిలిచేవాళ్లు) కూడా ఆయనే. అదే ఊళ్లో 1880లో టీచరుగా చేరి, సవర భాష నేర్చుకుని, ఆ భాషకు వ్యాకరణం రాసిన గిడుగు రామమూర్తిగారు పర్లాకిమిడిని ఒరిస్సాలో కలపడాన్ని వ్యతిరేకించారు, ఊరు వదిలి రాజమండ్రి వెళ్లిపోయారు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29ని తెలుగువాళ్లు భాషా దినోత్సవంగా చేసుకుంటారు. ఇద్దరూ ఒకే ఊరివాళ్లు. మీ బోర్డు మీద, మీ కరపత్రంలో ఇద్దరి మాటా పక్కపక్కన ఉండాలి, రెండు భాషల్లోనూ ఒకే సమాచారం ఉండాలి. తెలుగు ప్రతిలో ఒకటి, ఒడియా ప్రతిలో ఇంకొకటి రాస్తే ఎవరో ఒకరు పక్కపక్కన పెట్టి చదువుతారు, ఆ రోజుతో మీ నిజాయితీ అయిపోతుంది. అనువాదం చేశాక రెండో భాష మనిషి చేత చదివించకుండా అచ్చుకు ఇవ్వకండి.

10. ఊరికి చూపించడం

దాచిపెట్టినది బయటకు రాకపోతే వచ్చే ఏడాది ఎవరూ ఫోటోలు ఇవ్వరు. ఖర్చు లేకుండా మొదలుపెట్టేది నడక. ఒక ఆదివారం ఉదయం ఆరున్నరకు స్టేషన్ దగ్గర మొదలై తొమ్మిదికల్లా ముగిసేలా, పదిహేను ఇరవై మందికి మించకుండా. ఐదారు చోట్ల ఆగితే చాలు. ప్రతిచోటా మాట్లాడేది మీరు కాదు, ఆ వీధివాళ్లే. మీరు పక్కన నిలబడి పాత ఫోటో చూపించండి. కొమ్ము పనివాళ్ల దగ్గర ఆగినప్పుడు నడకకు వచ్చినవాళ్లు ఏదో ఒకటి కొనేలా ముందే చెప్పండి. వాళ్ల టైమూ డబ్బే.

బడిపిల్లలకు "మీ అమ్మమ్మ ఇంటి నుంచి ఒక పాత వస్తువు ఫోటో, దాని కథ పది లైన్లు" అని పని ఇవ్వండి. ఏ భాషలో రాసినా సరే. మీరు ఎప్పటికీ వెళ్లలేని ఇళ్ల నుంచి అలా సమాచారం వస్తుంది. ప్రదర్శనకు ఖరీదైన ఫ్రేములు వద్దు, ప్రింట్లు తాడుకు తగిలించి పక్కన పెన్ను, ఖాళీ చీటీలు పెట్టండి. "ఈ ఫోటోలో ఎవరున్నారో తెలుసా?" అని రాసిపెడితే జనమే మీ పట్టిక నింపుతారు.

ఇంటర్నెట్‌లో పెట్టేముందు హక్కులు చూడండి. రచనకు రచయిత మరణం తర్వాత 60 ఏళ్లు కాపీరైటు ఉంటుంది. 1940లో పోయిన గిడుగువారి రచనలు 2001 నుంచి స్వేచ్ఛగా వాడుకోవచ్చు. ఫోటోలకు కూడా ఫోటోగ్రాఫర్ మరణం తర్వాత 60 ఏళ్ల లెక్కే, డబ్బిచ్చి తీయించుకున్న పాత కుటుంబ ఫోటోలకు మామూలుగా ఆ కుటుంబమే హక్కుదారు. ఏదైనా ఇంటివాళ్ల రాతపూర్వక అనుమతి ఉంటే మీకు నిశ్చింత. ఆస్తి తగాదాల కాగితాలు, దత్తత పత్రాలు, బతికున్నవాళ్ల కులం గొడవలు బయట పెట్టకండి.

11. మూడు కాపీలు, ఒకటి ఊరికి దూరంగా

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి గజపతి జిల్లాను ఎలా ఛిద్రం చేసిందో ఇక్కడ అందరికీ గుర్తుంది. ఇంట్లో పెట్టె, ఊళ్లో హార్డ్ డిస్కు రెండూ ఒకేరోజు తడవొచ్చు. ప్రతి ఫైలూ మూడు చోట్ల, రెండు రకాల పరికరాల మీద, అందులో ఒకటి వేరే ఊళ్లో ఉండాలి. వైజాగ్‌లోనో హైదరాబాద్‌లోనో ఉన్న సభ్యుడి బంధువు ఇంట్లో ఒక హార్డ్ డిస్కు పెట్టి ఆరు నెలలకోసారి మార్చండి. డిస్కును ఏడాదికోసారి తెరిచి ఫైళ్లు తెరుచుకుంటున్నాయో లేదో చూడండి, పెట్టేసి మర్చిపోతే చచ్చిపోతుంది.

డబ్బు దగ్గర ఒకే నియమం: వంద రూపాయలకైనా రసీదు, ప్రతి నెలా లెక్క సభ్యులందరి ముందు చదవాలి. స్పాన్సరు పేరు బోర్డు మీద పెద్దగా, రాజకీయ నాయకుడి ఫోటో అంతకంటే పెద్దగా అడిగినప్పుడు ఆ డబ్బు వదులుకోవడమే మంచిది.

ఇంకొకటి, నియమావళిలో మొదటే రాసుకోండి: సంఘం మూతపడితే సేకరణ ఎక్కడికి వెళ్లాలి. రద్దయిన సొసైటీ ఆస్తిని సభ్యులు పంచుకోవడానికి వీల్లేదు, వేరే సొసైటీకే ఇవ్వాలని చట్టంలోని 14వ సెక్షన్ అంటుంది. ఏ కాలేజీ లైబ్రరీ సొసైటీకో, ఏ చరిత్ర సంస్థకో ముందే మాట్లాడి, వాళ్ల ఒప్పుకోలు ఉత్తరం ఫైల్లో పెట్టి, హార్డ్ డిస్కుల పాస్‌వర్డులు కనీసం ముగ్గురి దగ్గర ఉండేలా చూసుకోండి.